జాక్ లేకుండా కదిలిన రైలు

1941లో అమెరికా పడమటి తీరంలోని ఒరెగాన్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మొట్టమొదటిసారి రోజ్ బౌల్‌కి, అంటే కొత్త సంవత్సరం రోజున కాలిఫోర్నియాలో జరిగే పేరున్న కాలేజీ ఆటకి, ఎంపికైంది. (అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకన ఇరికించుకుని పరుగెత్తే ఆట.) ఇంతలో డిసెంబర్ 7న జపాన్ అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. జట్టులో జాక్ యోషిహారా అనే కుర్రాడున్నాడు. జపాన్‌లో పుట్టి, మూడేళ్ల వయసులో ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ వచ్చి అక్కడే పెరిగాడు. అతన్ని ప్రయాణం చేయనివ్వలేదు. జట్టు మాత్రం వెళ్లి ఆడింది. వెళ్లి ఉండాల్సిందా? కుర్రతనంలో కాలేజీ జట్టుకి ఆడిన పెదనాన్నకీ, ఆ కాలేజీలోనే (ఇప్పుడది యూనివర్సిటీ) చదువుతూ సెలవులకి ఇంటికొచ్చిన అమ్మాయికీ వాదన.

పెదనాన్న: వెళ్లాల్సిందేనమ్మా. పడమటి తీరంలో జనం గుమిగూడితే ప్రమాదమని సైన్యం ఆట వద్దంది. అయినా మానలేదు. దేశం ఆ చివర నుంచి ఈ చివరకి, నార్త్ కరోలినాలోని డర్హమ్‌కి మార్చుకున్నారు. చుట్టుపక్కల యూనివర్సిటీల నుంచి బెంచీలు తెచ్చి వేశారు. 1942 జనవరి 1న, వానలో, 56 వేల మంది తడుస్తూ కూర్చున్నారంటే వాళ్లకి ఆ పూట ఎంత అవసరమో చూడు.

అమ్మాయి: జనానికి అవసరమే, కాదనను. జాక్ మాటేంటి పెదనాన్నా? ప్రాక్టీసు జరుగుతుంటే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాళ్లు గ్రౌండ్‌కే వచ్చారు. అతను చేసిన తప్పేంటి? పౌరసత్వం లేదన్నారు. తీసుకుందామన్నా జపాన్‌లో పుట్టినవాళ్లకి 1952 దాకా చట్టం ఒప్పుకోలేదు!

పెదనాన్న: అది ప్రభుత్వం చేసిన అన్యాయం. ఇరవై ఏళ్ల పిల్లల నెత్తిన రుద్దకు. ఎదుట ఆడిన డ్యూక్ యూనివర్సిటీ జట్టు ఆ సీజన్లో అప్పటిదాకా ఒక్క ఆటా ఓడలేదు తెలుసా? మూడో క్వార్టర్లో చెరో 14 పాయింట్ల దగ్గర ఒరెగాన్ కుర్రాడు బాబ్ డెత్‌మన్ బంతి విసిరాడు, జీన్ గ్రే అందుకుని గీత దాటాడు. మొత్తం 68 గజాలు! తడిసిన బంతి సబ్బుబిళ్లలా జారుతుంది తల్లీ, వానలో ఆడినవాడికే తెలుస్తుంది. చివరికి 20-16తో గెలిచారు.

అమ్మాయి: ఆ ఆట నాకూ ఇష్టమే. గ్రౌండ్ పక్క నుంచి నడిచినప్పుడల్లా గుర్తొస్తుంది. కానీ ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. జపాన్ మూలాలున్న లక్షమందికి పైగా జనాన్ని ఇళ్లలోంచి లేపేశారు. పోర్ట్‌లాండ్ వాళ్లని ముందు ఉంచిందెక్కడో తెలుసా? పశువుల సంత జరిగే షెడ్లలో. జాక్ చదువు ఆగిపోయింది. ఐడహో రాష్ట్రం ఎడారిలో మినిడోకా నిర్బంధ శిబిరానికి చేరాడు. తోటివాణ్ణి ఆపినప్పుడే "వాడు రాకపోతే మేమూ రాం" అని జట్టు ఒక్క మాట అని ఉంటే?

పెదనాన్న: ఏం జరిగేది? ఆట పోయేది. జాక్ శిబిరానికి ఎలాగూ వెళ్లేవాడు.

అమ్మాయి: వెళ్లేవాడే. కానీ ఒంటరిగా వెళ్లేవాడు కాదు.

పెదనాన్న: (కాసేపటికి) ఇంకో సంగతి విను. డ్యూక్ కోచ్ వాలెస్ వేడ్ యాభైకి దగ్గర పడ్డ వయసులో కోచ్ పని వదిలి సైన్యంలో చేరాడు. డ్యూక్ ఆటగాడు చార్లెస్ హేన్స్ ఇటలీలో గాయపడి కొండ మీద పడి ఉంటే కిందికి మోసుకొచ్చినవాడు ఫ్రాంక్ పార్కర్. ఆ రోజు ఎదుటి జట్టులో ఉన్న ఒరెగాన్ కుర్రాడు! ఆట నేర్పేది ఇదే. పడ్డవాణ్ణి వదిలి వెళ్లకూడదని.

అమ్మాయి: మీ నోటితోనే అన్నారు పెదనాన్నా. ఎదుటి జట్టువాణ్ణి మోసుకొచ్చారు. సొంత జట్టువాణ్ణి ప్రయాణం చేయనివ్వని రోజున రైలెక్కారు.

పెదనాన్న: ...

అమ్మాయి: వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. 2008లో మా యూనివర్సిటీ, అప్పట్లో చదువు మధ్యలో ఆగిపోయిన జపాన్ మూలాలున్న 42 మంది విద్యార్థులకి గౌరవ పట్టాలిచ్చింది. వాళ్లలో జాక్ ఒకరు. మరుసటి ఏడే పోయారు. అరవై ఆరేళ్లు పట్టింది. అప్పుడే ఒక్క గొంతు లేచి ఉంటే ఆయనకి ఆ అరవై ఆరేళ్లూ అది తోడుండేది కదా?

పెదనాన్న: అబద్ధం చెప్పనమ్మా. ఆ వయసులో నేనైతే రైలెక్కేవాణ్ణే. రోజ్ బౌల్ అంటే మాటలా? కానీ తిరిగొచ్చాక ముందు వాళ్లింటికి వెళ్లేవాణ్ణి.

అమ్మాయి: వెళ్లి ఏం చెప్పేవారు?

పెదనాన్న: ఆట మొదటి నుంచీ చెప్పేవాణ్ణి. వాన, బురద, ఆ బెంచీలు, అన్నీ. గ్రే బంతి పట్టిన దగ్గరికొచ్చేసరికి... నోరు పెగిలేది కాదేమో తల్లీ.