అడిగే హక్కు లేని ఆటగాళ్లు

అమెరికా బేస్‌బాల్‌లో చవకగా దొరికిన మేలిరకం ఆటగాళ్ల ప్రస్తావన వస్తే ఎవరైనా ఓక్లాండ్ అథ్లెటిక్స్ పేరే ఎత్తుతారు. ఇతరుల కంటికి ఆనని ప్రతిభను ఆ జట్టు మేనేజర్లు లెక్కలతో, తెలివితో పట్టుకున్నారన్నది కథ. ఆ కథలో సగమే నిజమని మా అభిప్రాయం.

నిజమైన సగం ముచ్చటైనదే. 2001 సీజన్ ముగియగానే జేసన్ జియాంబీని న్యూయార్క్ యాంకీస్ ఏడేళ్లకు 12 కోట్ల డాలర్లిచ్చి తీసుకుపోయింది. ఓక్లాండ్ జట్టు మొత్తం జీతాలే ఏడాదికి సుమారు 4 కోట్లు. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఇంకో జియాంబీ కోసం వెతకలేదు. మోచేతి నరం దెబ్బతిని, క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) బంతి విసరలేని స్కాట్ హాటెబర్గ్‌ను తెచ్చి మొదటి బేస్ (పరుగు తీసే బ్యాటర్ చేరాల్సిన తొలి మజిలీ) దగ్గర నిలబెట్టారు. హాటెబర్గ్‌కు ఓపిక ఎక్కువ, చెడ్డ బంతి జోలికి పోడు. నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే మొదటి బేస్ ఊరికే దక్కుతుంది. బలంగా బాదేవాడికి కోట్లు కుమ్మరించే ఆటగాళ్ల సంత ఈ ఓపికకు వెల కట్టడం మరిచింది. 2002లో ఓక్లాండ్ 103 మ్యాచ్‌లు గెలిచింది. మూడింతలు ఖర్చు పెట్టిన యాంకీస్ గెలిచినవీ అన్నే. వరసగా ఇరవయ్యో గెలుపు హాటెబర్గ్ హోమ్ రన్‌తోనే (బంతిని మైదానం దాటించే దెబ్బతోనే) రావడం బేరం మీద దక్కిన కొసరు.

అయితే ఆ ఏడాది అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఉత్తమ పిచర్, అంటే బంతి విసిరేవాడు, బారీ జీటో కూడా ఓక్లాండ్ ఆటగాడే. అతని జీతం 3 లక్షల డాలర్ల లోపే. జీటో విలువ ఇతర జట్లకు తెలియక కాదు, అతనికి సంతలో అడుగుపెట్టే హక్కే లేదు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడు తనంతట తాను జట్టు మారలేడు. అందులో మొదటి మూడేళ్లు దాదాపుగా యాజమాన్యం ఇచ్చిందే జీతం. దీన్ని కూడా మేనేజర్ల తెలివి ఖాతాలో రాయడం మాకు మింగుడుపడదు.

హాటెబర్గ్ లాంటి బేరాలు ఎక్కువ కాలం దొరకవు. ఓక్లాండ్ లెక్కలను ఒంటబట్టించుకున్న బోస్టన్ జట్టు 2004లోనే ఛాంపియన్ ట్రోఫీ ఎత్తింది. ఇప్పుడు బంతి ఎన్ని చుట్లు తిరిగిందో కూడా ప్రతి జట్టూ కొలుస్తోంది. కంటికి ఆనని ప్రతిభ తరుగుతున్నకొద్దీ జట్లకు మిగిలే చవకదనమల్లా ఆ ఆరేళ్ల నిబంధన పుణ్యమే. ఆటగాళ్ల సంఘంతో యజమానుల ఒప్పందం 2026 డిసెంబరు 1తో ముగుస్తుంది. కొత్త ఒప్పందంలో ఆ గడువును తగ్గించాలి.

జీటోకు సంత తలుపు తెరుచుకున్నది 2006 చివర్లో. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఏడేళ్లకు 12.6 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అప్పటికే అతని మేటి ఆటంతా ఓక్లాండ్‌లో చవకగా చెల్లిపోయింది.