మాన్యశ్రీ 132 గారికి, లెక్కలో లేనివాడి విన్నపం

మాన్యులైన 132 గారికి,

హనుమకొండ నుంచి ఒక సామాన్య ఓటరు నమస్కరించి రాయునది. రాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణ ఎమ్మెల్యే ఓటుకు తమరే విలువ. 119 మంది ఎమ్మెల్యేలతో మన రాష్ట్రానికి 15,708 ఓట్లు దక్కడం తమ చలవే. ఉత్తరప్రదేశ్‌లో 208 గారు, సిక్కింలో 7 గారు ఇదే కొలువు చేస్తున్నారట. (నేను ఓటు వేసిన పట్టభద్రుల ఎమ్మెల్సీకైతే ఈ ఎన్నికలో ఓటే లేదు, ఆ గోడు మరోసారి.)

తమ పుట్టుక గురించి వాకబు చేశాను. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో, ఆపై వెయ్యితో భాగించి, శేషం ఐదు వందలకు తగ్గకపోతే కొసరు వేసినట్లు ఒకటి కలుపుతారట. అంతవరకు బాగానే ఉంది. తీరా చూస్తే ఆ జనాభా 1971 నాటిది. నేను పుట్టింది 1974లో.

మా తాత 1983లో కాలం చేశారు. ఏటా పెత్రమాసకు ఆయన పటానికి దండ మార్చేది నేనే. 1971లో బతికి ఉన్నారు గనుక తమ లెక్కలో ఆయన నేటికీ ఉన్నారు. 2022 జూలై 18న మన ఎమ్మెల్యేలు గులాబీ రంగు బ్యాలెట్ల మీద ఊదారంగు సిరాతో ప్రాధాన్య క్రమం రాసినప్పుడు ఆయన వంతు అందులో పడింది. పటం కింద కూర్చుని టీవీ చూసిన నా వంతు పడలేదు. రెండేళ్ల వయసులో లెక్కకెక్కిన మా అన్న ఆ రోజంతా, "రాష్ట్రపతిని ఎన్నుకుంటున్న, చాయ్ తెప్పియ్ తమ్మీ" అని నన్ను సతాయించాడు. ఎనుమాముల మార్కెట్‌లో ఈ ఏటి మిర్చికి తాతల నాటి కాంటా చీటీ చూపి పైసలిస్తే రైతు ఊరుకుంటాడా?

జనాభాను అదుపు చేసుకున్న రాష్ట్రాలు నష్టపోకూడదనే లెక్కను అక్కడ ఆపారని, 2026 తర్వాతి తొలి జనగణన వివరాలు వెలువడేదాకా 84వ రాజ్యాంగ సవరణ తమకు అభయమిచ్చిందని ఎరుగుదును. కొత్త లెక్క వేస్తే తమరు పెరుగుతారు గానీ 208 గారు అంతకన్నా ఎక్కువ పెరుగుతారు. కాబట్టి తమను దిగిపొమ్మనే ధైర్యం నాకు లేదు. మా తాత వంతును నా పేర విరాసత్ చేసే వీలుంటే సెలవియ్యండి. ఆయన మరణ ధ్రువపత్రం జతపరుస్తున్నాను. మా అన్న అంగీకార పత్రం మాత్రం జతపరచలేకపోతున్నాను. తనకు సొంత వంతు ఉన్నా, తాతది గనుక అందులోనూ సగం రావాలని ఆయన సంతకం పెట్టడం లేదు.

ఇట్లు,
1971 తర్వాత పుట్టిన ఒక ఓటరు