సిద్ధేశ్వరానికి ఒక యుద్ధనౌక కావాలి

ప్రపంచ సముద్రాల్లో జరుగుతున్న చేపల దొంగ వేట గురించి కర్నూలు వాళ్ళకు బొత్తిగా పట్టకపోవడం సిగ్గుచేటు. సముద్రం చూడాలంటే మనకు ఒక రాత్రి బస్సు ప్రయాణం కావచ్చు. అంతమాత్రాన బాధ్యత తప్పుతుందా? ఆదివారం పూట థర్మాకోల్ పెట్టెలో దిగిన వంజరం ముక్క తిన్న ప్రతివాడికీ ఇందులో పాత్ర ఉంది.

ప్రభుత్వాలు ఊరికే కూర్చున్నాయని మాత్రం అనకండి. దొంగ వేట చేసొచ్చిన ఓడను రేవులోకి రానివ్వకూడదు, వస్తే తనిఖీ చేయాలి అని 2009లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థలో ఒప్పందం కుదిరింది. అది అమల్లోకి రావడానికి 2016 జూన్ 5 దాకా పట్టింది. ప్రపంచ వాణిజ్య సంస్థ వాళ్ళు ఇంకా నిదానస్తులు. దోహాలో 2001లో చేపల సబ్సిడీల మీద మాటలు మొదలుపెట్టారు, 2022 జూన్‌లో జెనీవాలో ఒక కొలిక్కి తెచ్చారు, 2025 సెప్టెంబరు 15న అమల్లో పెట్టారు. దొంగ వేట ఓడకు సర్కారు డబ్బులివ్వకూడదని తేల్చుకోవడానికి 24 ఏళ్ళు. నవ్వేవాళ్ళు నవ్వనీ, గుండ్రేవుల రిజర్వాయరు కోసం ఎదురుచూస్తున్న మనకు ఇదేమంత ఆలస్యం కాదు.

అక్రమ వేట, లెక్క చెప్పని వేట, అదుపు లేని వేట అని దీన్ని మూడు రకాలుగా విడదీశారు. (ఈ మూడు మాటలూ తుంగభద్ర ఇసుకకు కూడా అతికినట్టు సరిపోతాయి. కానీ ఈ వారం చేపల గురించే.) ఇలా ఏటా 1.1 కోట్ల నుంచి 2.6 కోట్ల టన్నుల దాకా పోతోందని చాలాకాలంగా చెబుతున్న అంచనా. లెక్క చెప్పని చేపలకు అంత లెక్క ఎలా కట్టారో వాళ్ళకే తెలియాలి.

నాకు బాగా నచ్చింది యూరప్ పద్ధతి. దొంగ వేటను అరికట్టని దేశానికి పసుపు కార్డు ఇస్తారు, మాట వినకపోతే ఎర్ర కార్డు. థాయిలాండ్ 2015 నుంచి 2019 దాకా పసుపు కార్డుతోనే బతికింది. శ్రీలంక చేపలనైతే 2015లో ఎర్ర కార్డు చూపించి ఏడాదికి పైగా గుమ్మం తొక్కనివ్వలేదు. తెల్ల కార్డుకూ గులాబీ కార్డుకూ తేడా తెలిసిన జాతి మనది, ఈ పద్ధతి మనకు ఒకరు నేర్పాలా? అక్కడికి పోయే చేప వెంట ఫలానా ఓడ పట్టిందని సర్టిఫికెట్ కూడా ఉండాలట.

ఇది చదివి ఉత్సాహం ఆగక, పోయిన ఆదివారం మార్కెట్లో చేపలమ్మే అక్కను అడిగాను, ఈ రవ్వ చేపకు సర్టిఫికెట్ ఉందా అని. కత్తిపీట మీద చేప పొలుసు గీకుతున్న చెయ్యి ఆపకుండానే ఆమె అంది: ‘‘ఏంది సార్, సచ్చిన చేపకు గూడా సర్టిఫికెట్టా? మా మామ సచ్చిపోయి ఆర్నెల్లయింది, ఆయప్పకే ఇంగా ఇయ్యలేదు.’’

ఇక మన సొంత జలాల సంగతి. శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో అలివి వల అని ఒకటి ఉంది. నిషేధించిన వల కాబట్టి అందరికీ తెలుసు. దోమతెరకూ దానికీ కళ్ళలో పెద్ద తేడా ఉండదు. నీళ్ళలోకి ఎంతో దూరం వదిలి, ఒడ్డు నుంచి పదిమంది లాగితే, పెద్ద చేపతో పాటు దాని మనవలూ మునిమనవలూ కూడా వస్తారు. సర్కారు ఇటువైపు చేపపిల్లలను వదులుతుంది, అవి చెయ్యెడు పెరగకముందే అటువైపు ఇసుకలో ఎండుతుంటాయి. పథకం ఇంత త్వరగా ఫలితమివ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అప్పుడప్పుడు దాడులు జరుగుతాయి. పట్టుకున్న వలలు ఒడ్డున కుప్పపోసి తగలబెట్టి, పక్కన నిలబడి ఫొటో దిగుతారు. మన ఒడ్డున సిద్ధేశ్వరం వైపు పొగ లేస్తే పుట్టి అవతల తెలంగాణ ఒడ్డున సోమశిల వైపు పోతుంది, అక్కడ లేస్తే ఇక్కడికొస్తుంది. సముద్రంలో ఓడలు చట్టం తప్పించుకోవడానికి వేరే దేశం జెండా కట్టుకోవాలి. మనవాడికి తెడ్డు చాలు. నది మధ్యలో గీత దాటితే వేరే రాష్ట్రం, వేరే శాఖ, వేరే ఫొటో.

మరి రెండు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోవచ్చు కదా అంటారు. ఎవరో కొత్తవాళ్ళే అంటారు. తుంగభద్ర మీది రాజోలిబండ తూముల దగ్గర ఎన్నేళ్ళుగా మాట్లాడుకుంటున్నామో చూశారు కదా. కృష్ణా నీళ్ళను 512 టీఎంసీలు ఇటు, 299 అటు అని పంచుకుని, ఇప్పటికీ ఆ లెక్క మీదే పోట్లాట. రేపు చేపల దగ్గరికొస్తే రవ్వ తల ఎవరికి, తోక ఎవరికి అని ట్రిబ్యునల్ వేయాలి. ఆ ట్రిబ్యునల్ రిపోర్టు ఎన్నేళ్ళకూ బయటికి రాకపోయినా నేను తప్పు పట్టను. నీళ్ళు తగ్గితే గానీ సప్తనదుల సంగమేశ్వరుడే బయటికి రాడు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది: శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ను వెంటనే అంతర్జాతీయ జలాలుగా ప్రకటించాలి. రెండు రాష్ట్రాల మధ్య కుదరనిది దేశాల మధ్య కుదురుతోందని పైన చూపించాను. క్వాడ్ పేరుతో మన దేశం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా 2022లో టోక్యోలో కలిసి, ఉనికి చెప్పకుండా తిరిగే చీకటి ఓడలను శాటిలైట్‌తో పసిగడతామన్నాయి. అందులో ఒకటి సంగమేశ్వరం మీదికి తిప్పితే పోయేదేముంది? చిక్కల్లా ఒకటే. మన పుట్టిలో రేడియో ఉండదు, రాడార్ ఉండదు, వెలిగేది బీడీ ఒక్కటే. శాటిలైట్‌కు బీడీ ఆనుతుందో లేదో నిపుణులు తేల్చాలి. రేవు తనిఖీ పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర పెట్టొచ్చు, ఎలాగూ అందరం అక్కడ ఆగుతున్నాం. ఒక చిన్న యుద్ధనౌక కూడా కావాలి. ఎండాకాలం అది బురదలో కూరుకుంటుందని భయపడొద్దు, ఊరి పిల్లలు క్రికెట్ ఆడుకోవడానికి పెవిలియన్ అవుతుంది.

వేట నిషేధం సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు ఆపాలని జీవో ఇవ్వాలి. మా తుంగభద్ర జీవో కోసం చూడదు, ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ళే ఉండవు. తీరంలో బోటు ఆపినవాళ్ళకు ఆ రెండు నెలలకు భృతి ఉంది. ఏరెండిన మావాళ్ళకు ఏ ఒప్పందమూ వర్తించదు. అంతర్జాతీయ జలాలైతే అప్పుడు చూద్దాం.

అన్నట్టు, ఆ ఆదివారం సర్టిఫికెట్ లేని రవ్వ కిలోన్నర తీసుకున్నాను. దాని పక్కనే చిటికెన వేలంత ఎండు చేపలు కుప్పగా ఉంటే, అవి కూడా పావు కిలో కట్టించుకున్నాను. ఎక్కడివక్కా అంటే, కాగితం చుడుతూ గడ్డంతో నది వైపు చూపించింది. జొన్నరొట్టెలోకి బాగున్నాయి. తనిఖీ బృందం ఎప్పుడైనా వచ్చి అడిగితే అవతలి ఒడ్డువని చెప్పమని ఇంట్లో చెప్పి ఉంచాను.