పెద్దోణ్ణి తిట్టుకుంటూ కూర్చుంటే కేసు నిలబడదు

రాణిగంజ్ షాపుల్లో అడిగినా, బాలానగర్ షెడ్లలో అడిగినా, అమీర్‌పేట లాడ్జి ఓనర్లని అడిగినా ఒకటే పాట: "పెద్దోడు తొక్కేస్తుండన్నా, మనమేం చేస్తం?" చేయొచ్చు. మార్కెట్లో పోటీని కాపాడే 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఉంది, దాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఢిల్లీలో ఉంది. నష్టపోయినవాళ్ళే ఫిర్యాదు చేయాలని కూడా లేదు, ఎవరైనా చేయొచ్చని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది.

నా చిరాకు వేరే. తీరా ఫిర్యాదు రాస్తే అందులో ఉండేది "వాడు నష్టానికి అమ్ముతున్నాడు, మేం మునిగిపోతున్నాం" అన్న ఏడుపే. పెద్దగా ఉండటం ఈ చట్టంలో తప్పు కాదు. ఫలానా మార్కెట్లో వాడిదే పైచేయి అని ముందు చూపించాలి, ఆ బలాన్ని దుర్వినియోగం చేశాడని తర్వాత చూపించాలి. బెంగళూరులో ఓలా మీద ఫాస్ట్ ట్రాక్, మేరు అనే ట్యాక్సీ కంపెనీలు వేసిన కేసు 2017లో మొదటి మెట్టు దగ్గరే పోయింది. పక్కన ఊబర్ ఉండగా ఓలాది ఆధిపత్యం ఎలా అవుతుందంది కమిషన్.

అదే కార్ల స్పేర్ పార్టుల కేసు చూడండి. మన షెడ్డు మెకానిక్‌లు ఒక్కసారైనా చదవాల్సిన తీర్పు అది. కంపెనీలోళ్ళు ఒరిజినల్ పార్టులు బయట దొరకనివ్వరు, డయాగ్నస్టిక్ టూల్స్ ఇవ్వరు, బయట రిపేరు చేయిస్తే వారంటీ పోతుందని బెదిరిస్తారు. కంపెనీల వాదన ఏమిటంటే, కార్ల అమ్మకాల్లో మాకు బోలెడంత పోటీ ఉందిగా అని. కమిషన్ ఒప్పుకోలేదు. కారు కొనేదాకే పోటీ, కొన్నాక ఆ బ్రాండు పార్టుకి ఆ కంపెనీయే దిక్కు, కాబట్టి ఒక్కో కంపెనీ తన పార్టుల మార్కెట్లో తానే రాజు అంది. 2014లో 14 కంపెనీలకి మొత్తం 2,544 కోట్ల జరిమానా వేసింది. దీనికి మూలం ఒక మామూలు మనిషి ఇచ్చిన ఫిర్యాదు! తర్వాత అప్పీళ్ళు, కోర్టులు షరా మామూలే.

జరిమానా చూసి ఆశపడకండి, అది ప్రభుత్వానికి పోతుంది. తప్పు తేలాక మీ నష్టపరిహారం కోసం అప్పీలేట్ ట్రిబ్యునల్‌కి వేరే అర్జీ పెట్టుకోవాలి.

అసోసియేషన్‌గా వెళ్ళండి, ఖర్చు పంచుకోవచ్చు, పెద్ద కంపెనీ ఒక్కణ్ణి పట్టుకుని కక్ష తీర్చుకోలేదు. కానీ అదే మీటింగులో "అందరం ఇదే రేటుకి అమ్ముదాం" అని తీర్మానం చేశారో, రేపు మీ మీదే కేసు. చిన్నవాళ్ళకి మినహాయింపేమీ లేదు.

అసలు జబ్బు ఆలస్యం. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకి కమిషన్ 2020 జనవరిలో ఆదేశిస్తే, వచ్చే నెలకే కర్ణాటక హైకోర్టు స్టే. అది తొలగి, సుప్రీంకోర్టు కూడా అడ్డుపడనన్నది 2021 ఆగస్టులో. అన్నాళ్ళు చిన్న షాపు అద్దె ఎవడు కడతాడు?

అందుకే తుది తీర్పు దాకా ఆగకుండా, ఇదే చట్టంలోని సెక్షన్ 33 కింద మధ్యంతర ఉత్తర్వు అడగాలి. హోటళ్ళు బుక్ చేసే మేక్‌మైట్రిప్ సైటు నుంచి తీసేసిన ఫ్యాబ్‌హోటల్స్, ట్రీబో అనే హోటల్ కంపెనీలని మళ్ళీ చేర్చమని కమిషన్ 2021 మార్చిలోనే చెప్పింది. తుది తీర్పు వచ్చింది 2022 అక్టోబరులో. మధ్యలో వాటికి పోటీ అయిన ఓయో ఆ మధ్యంతర ఉత్తర్వు మీద గుజరాత్ హైకోర్టుకెక్కిందనుకోండి, ఆ గొడవ వేరు. మూడేళ్ళలోపు ఫిర్యాదు పడాలని 2023 సవరణ గడువు కూడా పెట్టింది. కాబట్టి ఈమెయిళ్ళు, రేటు కార్డులు, వాట్సాప్ బెదిరింపులు ఈరోజు నుంచే తేదీలతో దాచండి. మధ్యంతర ఉత్తర్వు సంగతి తర్వాత చూద్దామనే లాయరు దొరికితే, లాయర్ని మార్చండి.