అతుకు తెలియని ఇంజినీర్లు

గూగుల్ డేటా సెంటర్, టీసీఎస్‌కు 99 పైసలకు భూమి. విశాఖలో సాంకేతిక రంగం గురించి ఎవరు నోరు విప్పినా ఈ రెండింటి దగ్గరే ఆగిపోతున్నారు. ఆ లెక్కలు పాఠకులకు కొత్త కాదు కాబట్టి వాటిని వదిలేస్తాను. నేను చెప్పదలచుకున్నది ప్రోగ్రామ్ ముక్కలు ఒకదానితో ఒకటి అతకనప్పుడు కంప్యూటర్ తెర మీద ఒక్క వరుసలో వచ్చే ‘లింకింగ్ ఎర్రర్’ అనే తప్పు గురించి. దానిని చదవలేని నగరానికి ఎన్ని ఎకరాలు ఇచ్చినా ఒరిగేది తక్కువని నా అభిప్రాయం.

ఆ మధ్య మధురవాడలో ఒక చిన్న సంస్థకు వెళ్ళాను. జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్.జేఎస్ సర్వర్‌కు సీ++ భాషలో రాసిన నేటివ్ యాడాన్‌ను, అంటే అదనపు ముక్కను, జోడించాలి. విండోస్‌లో ఎల్ఎన్‌కే2019 అంటూ లింకింగ్ ఎర్రర్ వచ్చి పని ఆగింది. ముగ్గురు యువ ఇంజినీర్లు రోజున్నర దాని మీదే కూర్చున్నారు. ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ చెరిపి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారు. నోడ్ వెర్షన్ మార్చారు, పైథాన్ వెర్షన్ మార్చారు. చివరికి ఆ కోడును లినక్స్ యంత్రం మీదికి తీసుకెళ్ళారు. అక్కడ బిల్డ్, అంటే కోడు నుంచి ప్రోగ్రామ్ కట్టే పని, చక్కగా పూర్తయింది. టీ తెప్పించుకున్నారు. తీరా సర్వర్ నడిపితే, యాడాన్‌ను పిలిచిన మొదటి వరుసలోనే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’, అంటే ఈ పేరు గలది దొరకలేదు, అని కూలిపోయింది.

తప్పు రెండు చోట్లా ఒక్కటే. బైండింగ్.జిప్ (binding.gyp) అనే బిల్డ్ ఫైలులో సోర్స్ ఫైళ్ళ జాబితా ఉంటుంది. అందులో ఒక ఫైలు పేరు రాయడం మరిచిపోయారు. విండోస్ ముక్కుసూటి అధికారి లాంటిది. నోడ్ ఇచ్చే ఫంక్షన్ల పేర్లు చూపే ఇంపోర్ట్ లైబ్రరీని ముందే చేతిలో పెట్టుకుని, ఏ ఫంక్షన్ ఎక్కడ ఉందో చూపిస్తేగానీ సంతకం చేయదు. లినక్స్ మొహమాటస్తురాలు. యాడాన్‌కు కావలసిన వీ8 (నోడ్ లోపలి జావాస్క్రిప్ట్ ఇంజిన్), నోడ్ ఫంక్షన్లను లోడ్ అయ్యేటప్పుడు నోడ్ ప్రోగ్రామే అందిస్తుంది కాబట్టి, దొరకని పేర్లన్నీ అక్కడే దొరుకుతాయిలే అని ఊరుకుంటుంది. అందుకే లినక్స్‌లో బిల్డ్ పూర్తయిందంటే అతుకు పడిందని అర్థం కాదు. మ్యాక్‌లోనూ యాడాన్లను కట్టే నోడ్-జిప్ అనే పనిముట్టు ఇలాంటి ఉదారతకే అనుమతిస్తుంది.

ఫోల్డర్ చెరిపే ఈ తంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. నోడ్ 20 మాడ్యూల్ వెర్షన్ సంఖ్య 115, నోడ్ 22ది 127. వీ8ను నేరుగా వాడే యాడాన్‌ను ఒకదాని కోసం కట్టి రెండోదానిలో పెడితే నోడ్ తిరస్కరిస్తుంది. అప్పుడు మళ్ళీ బిల్డ్ చేయడమే మందు. ఒక జబ్బుకు పనిచేసిన ఆ మందును అన్ని జబ్బులకూ మింగుతున్నాం. రాయడం మరిచిన ఫైలు పేరును ఏ రీఇన్‌స్టాల్ కూడా పుట్టించలేదు.

నన్ను అడిగితే, కంప్యూటర్ ఇచ్చే తప్పులన్నింటిలో లింకింగ్ ఎర్రర్ అంత నిజాయితీ గలది లేదు. ఏది దొరకలేదో పేరు పెట్టి చెబుతుంది. ఆ పేరు ‘జెడ్‌ఎన్2వీ86ఆబ్జెక్ట్’ వంటి గజిబిజి అక్షరాలతో మొదలైతే భయపడి కళ్ళు తిప్పుకుంటాం. ‘వీ86’ అంటే ఏమిటని వెతికిన వారిని చూశాను. అక్కడ 2 అంటే తర్వాత రెండు అక్షరాల పేరు ఉందని: వీ8. 6 అంటే ఇంగ్లీషులో ఆరు అక్షరాల పేరు: ఆబ్జెక్ట్. అంతే! వేళ్ళ మీద లెక్కపెట్టి చదవవచ్చు, ఓపిక లేకపోతే సీ++ఫిల్ట్ అనే పనిముట్టు చదివి పెడుతుంది. సీ లైబ్రరీలోని ఫంక్షన్ పేరు ఇలా ముడులు పడి కనిపిస్తే, ఫంక్షన్ల పేర్లు ప్రకటించే హెడర్ ఫైలు చుట్టూ, పేర్లను ముడి వేయవద్దని చెప్పే ‘ఎక్స్‌టర్న్ సీ’ పెట్టలేదేమో చూడాలి. పేరు మధ్యలో ‘సీఎక్స్ఎక్స్11’ అనే ముక్క ఉంటే 2015 నాటి జీసీసీ 5 కంపైలర్ మార్పు గుర్తుకు రావాలి. అక్షరాల వరుసను దాచే స్ట్రింగ్ నిర్మాణం అప్పుడు మారింది. లైబ్రరీని పాత పద్ధతిలో, యాడాన్‌ను కొత్త పద్ధతిలో కంపైల్ చేసి ఉంటారు.

ప్రోగ్రామ్‌లోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీల వరుస మరో ఉచ్చు. ముక్కలను అతికే లినక్స్ లింకర్ పూర్ణా మార్కెట్‌లో చీటీ పట్టుకుని ఒకే దిక్కుకు నడిచే మనిషి. ఆ క్షణానికి చీటీలో ఉన్నవే కొంటుంది. పసుపు కొట్టు దాటిపోయాక చీటీలో పసుపు చేరితే వెనక్కి తిరగదు. అందుకే అడిగే లైబ్రరీ ముందు, ఇచ్చే లైబ్రరీ తర్వాత ఉండాలి. ఏ సింబల్ ఎక్కడ ఉందో ఎన్ఎమ్ అనే కమాండ్ రెండు నిమిషాల్లో చూపిస్తుంది. మధురవాడలో రోజున్నరలో దానిని ఒక్కసారీ వాడలేదు.

ముందే కట్టిన బైనరీలు (తయారైన ప్రోగ్రామ్ ఫైళ్ళు) దొరుకుతున్నాయి, కృత్రిమ మేధ ఉంది, ఈ గొడవ మనకెందుకు అనేవారున్నారు. నోడ్-ఏపీఐ అనే స్థిరమైన పద్ధతితో రాసిన యాడాన్, నోడ్ వెర్షన్ మారినా మళ్ళీ బిల్డ్ చేయకుండానే నడుస్తుందన్నదీ నిజమే, కొత్తవి అలాగే రాయాలి. కానీ మామూలు లినక్స్ కోసం కట్టిన బైనరీని ఆల్పైన్ అనే లినక్స్ కంటైనర్‌లో పెట్టి చూడండి, అక్కడి సీ లైబ్రరీ వేరు కాబట్టి నడవకపోవచ్చు. ఇక కృత్రిమ మేధకు మనవాళ్ళు అతికించేది ‘జిప్ ఎర్రర్, నాట్ ఓకే’ అనే చిట్టచివరి వరుసను. అసలు పేరు ఉన్నది దానికి చాలా పైన. ఏ వరుస అడగాలో తెలియని వాడికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

ఈ తప్పు కుర్రవాళ్ళది కాదు. కంపైలర్ డిజైన్ పేరుతో కోడు వ్యాకరణాన్ని విడదీసే పార్సింగ్ పట్టికలు నింపించి మార్కులు వేసే చదువుది. ఇంకా అతకని విడి ముక్క అయిన ఆబ్జెక్ట్ ఫైలు పుట్టే దగ్గరే పాఠం అయిపోతుంది, లింకర్‌కు ఒక పేరా మిగులుతుంది. విడి ముక్కలు చేయడం నేర్పి, వాటిని కలపడం నేర్పని చదువు ఇది. విశాఖలో ఇలా జరగడం మరీ విడ్డూరం. 1948లో ‘జల ఉష’ ఓడను సముద్రంలోకి దించిన ఊరు ఇది. ఓడంటే ఉక్కు పలకల అతుకులే. వెల్డింగ్ ఎంత నున్నగా కనిపించినా ఎక్స్‌రే తీసి లోపల చూడనిదే కీలకమైన అతుకును నమ్మరు. షిప్‌యార్డు వెల్డర్‌కు ఉన్న ఆ అనుమానం, అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో నాలుగేళ్ళు చదివిన ఇంజినీరుకు లేకపోవడాన్ని నేను జీర్ణించుకోలేకపోతున్నాను.

నేను కోరేది పెద్దదేమీ కాదు. కంపైలర్ ల్యాబ్‌లో చివరి నాలుగు వారాలు ఇంటర్నెట్ ఆపి, విరిగిన యాడాన్లు ఇవ్వండి. ఒకదాంట్లో సోర్స్ ఫైలు మాయం, ఒకదాంట్లో లైబ్రరీల వరుస తలకిందులు, ఒకదాంట్లో ఎక్స్‌టర్న్ సీ లేదు. కోడ్ నడిచినందుకు కాక, ఏ అతుకు ఎక్కడ ఊడిందో రాసినందుకు మార్కులు వేయండి. పరీక్షకు వచ్చే బయటి ఎగ్జామినర్‌కు ముందుగా ఇవన్నీ నేర్పవలసి వస్తుందేమో, అది వేరే సంగతి.