ఆ పావు చుట్టు ఎవరి కోసం?

మా టెక్సాస్ తెలుగువాళ్లలో జింకల సీజన్ కోసం రైఫిల్ కొన్నవాళ్లున్నారు. తూటాలు గరాజ్‌లోనే మళ్లీ నింపుకునేవాళ్లూ ఉన్నారు. నన్ను అడిగేదంతా పౌడర్ గురించీ బుల్లెట్ గురించీ. పౌడర్‌నీ బుల్లెట్‌నీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, అంటే పేల్చిన కేసు సంగతి ఎవరూ ఎత్తరు. నా గొడవంతా దాని గురించే.

పేల్చిన కేసుని నొక్కి మళ్లీ సైజుకి తెచ్చే ఉక్కు అచ్చు డై. దాంతో వచ్చే కాగితం ఏమంటుంది? కేసు అడుగుని పట్టుకునే షెల్ హోల్డర్‌కి తగిలేదాకా డై దించండి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పండి అంటుంది. ఎవరి రైఫిల్‌లోనైనా పట్టాలని అలా రాస్తారు. మీకున్నది ఒక్క రైఫిల్ కదా! 308 విన్‌చెస్టర్ రకం తూటా కూర్చునే గదిలో, అంటే ఛాంబర్‌లో, భుజం (కేసు మెడ కింద వాలుగా ఉండే భాగం) దాకా కొలత 1.630 నుంచి 1.640 అంగుళాల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి మీ ఛాంబర్‌కి అచ్చు తీసినట్టు అంటుకుంటుంది. ఆ భుజాన్ని మీరు అంగుళంలో ఏడెనిమిది వేలవ వంతులు వెనక్కి నొక్కితే, మళ్లీ పేల్చినప్పుడు కేసు ఆ మేరకు సాగాలి. సాగేది ఎప్పుడూ ఒకేచోట, అడుగుకి కాస్త పైన.

నాకు బుద్ధొచ్చింది అవే కేసులు ఐదోసారి పేల్చినప్పుడు. ఛాంబర్‌ని వెనకనుంచి మూసే బోల్టు లాగితే కేసు అడుగు మాత్రమే బయటికొచ్చింది, మిగతాది ఛాంబర్‌లోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి పేపర్ క్లిప్పు కొన కొక్కెంలా వంచి, మిగిలిన కేసుల్లోకి దింపి గోడ వెంట పైకి లాగాను. సగానికి పైగా కేసుల్లో కొన గాడిలో పడి ఆగింది. బయటినుంచి చూస్తే అక్కడే సన్నగా మెరిసే గీత. అన్నీ పారేశాను.

ఇప్పుడు కేసు అడుగున పౌడర్‌ని అంటించే పాత ప్రైమర్ తీసేసి, కాలిపర్‌కి కంపారేటర్ అనే తొడుగు తగిలించి అడుగు నుంచి భుజం దాకా కొలుస్తాను. డైని కొంచెం కొంచెంగా దించుతాను. మొదట్లో కొలత తగ్గకపోగా పెరుగుతుంది, కంగారుపడకండి. కేసు పొట్ట నొక్కుకుంటే భుజం ముందుకు జరుగుతుంది. పేల్చిన కొలత కన్నా రెండు వేలవ వంతులు తగ్గగానే డైని ఆ ఎత్తులోనే నిలిపే లాక్ రింగ్ బిగిస్తాను. తలవెంట్రుక మందం కూడా ఉండదది. తూటాని తనే ఎక్కించుకునే సెమీ ఆటో రైఫిల్‌కైతే మూడు, నాలుగు.

మెడ ఒక్కటే నొక్కితే చాలదా అనే సీనియర్లున్నారు. నాలుగైదు సార్లకి భుజం బిగుసుకుని బోల్టు మూయడానికి అరచేత్తో బాదాల్సొస్తుంది. జింక ఎదురుగా నిలబడ్డప్పుడు ఆ పని చేసి చూడండి.

మొన్న మా వీధి తమ్ముడొకడు నా డై అరువడిగాడు. ఇచ్చాను, లాక్ రింగ్ మాత్రం సడలించి ఇచ్చాను.