మూఢంలో మైళ్లు

విమానం మైళ్లు వాడుకోవడానికి పంచాంగం తిరగేసినవాడు బరంపురం మొత్తమ్మీద ఒక్కడే ఉంటాడు: బడా బజారులో పట్టుచీరల కొట్టు షావుకారు. భువనేశ్వర్ నుంచి బెంగళూరుకి సరుకు బేరాలకని తిరిగి తిరిగి 41,000 మైళ్లు పోగేశాడు. మైళ్లంటే ఇక్కడ దూరం కాదు, విమానం ఎక్కినకొద్దీ కంపెనీ మన ఖాతాలో వేసే పాయింట్లు; వాటితో టికెట్ తీసుకోవచ్చు. షావుకారమ్మని సింగపూర్ తీసుకెళ్లాలని సంకల్పం. ఆవిడ ఆ ఊసు అడగడం ఎప్పుడో మానేసింది.

ఇంతలో ఆ విమాన కంపెనీకి జబ్బు చేసిందని టీవీలో వచ్చింది. పైలట్లకి జీతాల్లేవు, అద్దెకిచ్చినవాళ్లు విమానాలు వెనక్కి పట్టుకుపోతున్నారు. రాయగడ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఆ మైళ్లు ఈ వారంలోనే వాడీయండి."

"నా పేర్న ఉన్నాయిరా. ఎక్కడికి పోతాయేటి?"

పేర్న ఉంటాయి, నిజమే. కానీ మైళ్లు సభ్యుడి ఆస్తి కావనీ, నియమాలు ఎప్పుడైనా మార్చుకునే హక్కు తమదేననీ కంపెనీలు రాసుకునే ఉంటాయి. ఆ చిన్నక్షరాలు చదివేవాడెవడు? పాట పాడకుండా చివరిదాకా చీటీ కట్టినవాడి పరిస్థితే ఇదీనూ. పెద్దమనిషి పరారైతే మిగిలేది పుస్తకమే. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగినప్పుడు వాళ్ల మైళ్ల పథకం కింగ్ క్లబ్ గతి అదే. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు మాత్రం మైళ్లు బతికాయి. ఎందుకంటే వాళ్ల మైళ్ల పథకం జెట్‌ప్రివిలేజ్‌ని నడిపేది వేరే కంపెనీ, అందులో పెద్ద వాటా అబుదాబి విమాన కంపెనీ ఎతిహాద్‌ది. తర్వాత దాన్నే ఇంటర్‌మైల్స్ అన్నారు. అందుకే నియమాల పత్రంలో ముందు వెతకాల్సింది, మైళ్ల పథకం నడిపేది విమాన కంపెనీయేనా, వేరే కంపెనీయా అన్న సంగతి.

మేనల్లుడు ఇదంతా విప్పి చెబితే షావుకారు తనకి పనికొచ్చే ముక్క ఒక్కటే ఏరుకున్నాడు: "జెట్టు మైళ్లు బతికాయి కదా!"

ఆ రాత్రే ఫోన్‌కి సందేశం. క్రెడిట్ కార్డు పాయింట్లు మైళ్లుగా మార్చుకుంటే 25 శాతం అదనం, గడువు అర్ధరాత్రి. అదనం అన్న మాట వింటే చీరల వ్యాపారికి ఆగుతుందా? కార్డులో ఉన్న 18,000 పాయింట్లలో 10,000 అటు తోశాడు. రెండు పాయింట్లకి ఒక మైలు లెక్కన 5,000, పైన 1,250. మైళ్లకి బ్యాంకు నుంచి విమాన కంపెనీకి డబ్బు ముడుతుంది. చేతిలో డబ్బాడనివాడే ఇలాంటి బేరాలు గట్టిగా అరుస్తాడు. పైగా ఒకసారి అటు పోయిన పాయింట్లు మామూలుగా ఇటు తిరిగిరావు. టికెట్ ఖాయం చేసుకునే ముందు నిమిషం దాకా వాటిని బ్యాంకులోనే ఉంచాలి.

ఆదివారం మేనల్లుడు లాప్‌టాప్‌తో దిగాడు. ఓటీపీ రాదు. అది హైదరాబాదులో ఉన్న కొడుకు పాత నంబరుకి పోతోంది. అబ్బాయి సినిమా హాల్లో ఉన్నాడు. ఇంటర్వెల్‌లో చెప్పాడు, అప్పటికి దాని గడువైపోయింది. మరోటి తెప్పించి లోపలికెళ్తే, ఖాతాలో అసలు పేరు గడిలో ఇంటిపేరుంది, పాస్‌పోర్టులో అది తిరగేసి ఉంది. పేరు సరిచేయమని పాస్‌పోర్టు నకలు పంపి నాలుగు రోజులు కాచుకున్నారు. తీరిక రోజుల్లో ఐదు నిమిషాల పని అది.

పేరు కుదిరింది. అదృష్టం, ఆ కంపెనీతో పొత్తున్న వేరే కంపెనీ విమానంలో చెన్నై నుంచి సింగపూర్‌కి రెండు సీట్లు కనబడ్డాయి. 46,000 మైళ్లు, పన్నులు 14,000 రూపాయలు, ప్రయాణం పదో రోజున.

"శుక్ర మూఢంరా. మూడు నెలలాగి పెట్టు."

మేనల్లుడు తల పట్టుకున్నాడు. టికెట్ నంబరులో మొదటి మూడంకెలు దాన్ని జారీ చేసిన కంపెనీవి. 098 అంటే ఎయిర్ ఇండియా, అలాగ. మనం ఎక్కేది వేరే కంపెనీ విమానమైనా, ఆ ఎక్కించుకునేవాళ్లకి డబ్బు ముట్టేది జారీ చేసినవాడి నుంచి, అదీ మనం ఎక్కి దిగాక. ఈలోగా వాడు మూతబడితే రెండోవాడు మనల్ని ఊరికే ఎందుకు ఎక్కించుకుంటాడు? అందుకే మునిగే కంపెనీ మైళ్లతో టికెట్ తీస్తే దగ్గర తేదీకే తీయాలి. సీట్లు లేకపోతే హోటలో, కొనుగోలు కూపనో. విలువ సగానికి పడినా చేతికొచ్చిందే మిగులు.

షావుకారు వినలేదు. మూడు నెలల తర్వాతి తేదీకే పెట్టించాడు. మేనల్లుడు కాఫీకి లేచిన సందులో పన్నులు యూపీఐలో కట్టేశాడు కూడాను. క్రెడిట్ కార్డయితే, సేవ అందలేదని బ్యాంకులో ఫిర్యాదు పెట్టి ఆ సొమ్మయినా వెనక్కి అడిగే దారుండేది.

నెల తిరక్కుండా విమానాలు ఆగాయి. దివాలా ప్రకటన పేపర్లో పడింది. ఆ 14,000 కోసం టికెట్ నకలు, చెల్లింపు రసీదు జతచేసి మేనల్లుడు గడువులోగా క్లెయిము పంపాడు. బ్యాంకులు, ఉద్యోగులు, చమురు కంపెనీలు అందరూ ఉన్న వరసలో షావుకారు ఎక్కడో తోకన నిలబడ్డాడు. మైళ్ల ఖాతా మాత్రం తెరుచుకుంటూనే ఉంది. అంకె చెక్కుచెదరలేదు, 1,250. ఆయన రోజూ చూసుకునేవాడు.

షావుకారమ్మ ఫోన్ లాక్కుంది. కార్డులో మిగిలిన 8,000 పాయింట్లూ పెట్టి అప్పటికప్పుడు మిక్సీ తెప్పించింది.

"మూఢం పోలేదే ఇంకా!" అన్నాడాయన.

"మిక్సీకి మూఢం లేదంట. పంతులుగారిని అడిగే కొన్నాను."